గీత ఎక్కడ మలుపు తిరగాలి

(హన్మకొండలో కంప్యూటర్ మీద బొమ్మలు వేయడం నేర్చుకుంటున్న కాలేజీ విద్యార్థుల ముందు ఒక ఇలస్ట్రేటర్ మాట్లాడినది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లూ, ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. లాప్‌టాప్‌లు తెరిచినవాళ్లు కాసేపు మూసేయండి. ఒక తెల్లకాగితం తీసుకోండి. పెన్ను తీసుకోండి. పెన్సిల్ వద్దు, రబ్బరు వద్దు. మీకు ఒక్క నిమిషం ఇస్తాను. మీ ఇంట్లో ఒక మనిషిని వేయండి. అమ్మ కావచ్చు, తాత కావచ్చు, పక్కింటి అత్త కావచ్చు. వేయండి.

అయిందా? ఇప్పుడు ఆ కాగితాన్ని పక్కవాళ్లకు చూపించి, ఏమీ చెప్పకుండా, ఇది ఎవరో అడగండి. అడిగారా? ఏమన్నారు? "ఎవరో ఆంటీ" అన్నారు. "ముసలాయన" అన్నారు. ఇంకేం? "అమ్మాయి." అంతే కదా. ఎవరూ "ఈమె రోజంతా నిలబడి పనిచేసే మనిషిలా ఉందే" అనలేదు. "ఈయనకు కోపం తొందరగా వస్తుందేమో" అనలేదు. మనం మనిషిని వేశాం, కానీ ఆ మనిషిని వేయలేదు. ఈ పూటంతా ఈ తేడా గురించే నేను మాట్లాడబోయేది. ఆ కాగితం పారేయకండి, చివర్లో మళ్లీ కావాలి.

నా సంగతి కొంచెం చెప్తాను, ఎందుకంటే నేను ఈ పని ఏ పెద్ద ఆర్ట్ కాలేజీలోనూ నేర్చుకోలేదు. మాది జనగామ వైపు ఒక ఊరు. మా నాయిన గీత కార్మికుడు. కల్లు కోసం తాటిచెట్లు ఎక్కేవాడు. నేనూ గీతలే గీస్తాను కాబట్టి మా ఇంట్లో రెండు తరాలుగా గీత పనే. 2006లో ఇంటర్ అయిపోయాక హన్మకొండలో ఒక ఫ్లెక్సీ షాపులో చేరాను. అక్కడ నా చేతికి వచ్చిన మొదటి సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రా. మన దగ్గర ఏ ఊళ్లో చూసినా అంతే కదా? పెళ్లి కార్డు కోరల్, షాపు బోర్డు కోరల్, బతుకమ్మ బ్యానర్ కోరల్. వెక్టర్ అనే మాట మాలో ఎవరికీ తెలియదు. "కోరల్‌లో చేసింది పగలదు, ఫోటోషాప్‌లో చేసింది పగులుతుంది" అనేవాళ్లం. అంతే మాకు తెలిసింది.

పగలడం అంటే ఏంటి? ఎవరో చిన్న ఫోటో ఫోన్‌లో పంపించి, పది బై ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ వేయమంటారు. వేస్తే ముఖం గళ్లు గళ్లుగా వస్తుంది. ఫోటో అంటే చిన్న చిన్న రంగు గళ్ల వరస. గళ్లు ఎన్ని ఉన్నాయో అన్నే ఉంటాయి. సాగదీస్తే ఒక్కో గడి పెద్దదవుతుంది, అంతే. అదే షాపు పేరు పక్కన ఉన్న కమలం బొమ్మో, కలశం బొమ్మో ఎంత పెంచినా అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. ఎందుకు? దాంట్లో గళ్లు లేవు. "ఈ చుక్క నుంచి ఆ చుక్కకు ఇట్లా వంగి వెళ్లు" అనే ఆదేశం ఉంది. పెంచిన ప్రతిసారీ కంప్యూటర్ ఆ ఆదేశాన్ని మళ్లీ మొదటి నుంచి గీస్తుంది. అందుకే పగలదు. ఇట్లా ఆదేశాలతో గీసిన బొమ్మనే వెక్టర్ అంటారు.

ఆ వంపు లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? కార్ల ఫ్యాక్టరీల నుంచి. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీలో పాల్ డి కాస్టెల్జో అనే ఆయన 1959లోనే ఈ లెక్క కట్టాడు, కంపెనీ దాన్ని బయటికి పొక్కనివ్వలేదు. తర్వాత రెనో కంపెనీలో పియర్ బెజియే అనే ఇంజనీరు 1960లలో అదే దారిలో పనిచేసి ప్రచురించాడు, అందుకే పేరు ఆయనది నిలిచింది. మీరు బెజియర్ కర్వ్ అని పలికేది ఆయన పేరే. కారు బానెట్ వంపును రేకు కోసేవాడికి కచ్చితంగా ఎలా చెప్పాలి అన్నది వాళ్ల ఇబ్బంది. 1987లో అడోబీ ఇలస్ట్రేటర్, 1989లో కోరల్‌డ్రా వచ్చాక అదే వంపు మన బల్లల మీదికి వచ్చింది. అంటే కారు తలుపుకీ, మీరు వేయబోయే పాత్ర బుగ్గకీ లెక్క ఒకటే.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. పెన్ టూల్, అంటే కంప్యూటర్‌లో ఈ వంపులు గీసే పనిముట్టు. ఇక్కడ ఎంతమందికి పెన్ టూల్ అంటే భయం? చేతులెత్తండి. చాలామంది. మంచిది. నాకూ మూడు నెలలు భయమే. యూట్యూబ్‌లో వాళ్లు టకటక గీస్తుంటారు, మనం గీస్తే పాము మెలికలు తిరిగినట్టు వస్తుంది. ఎందుకు వస్తుంది? చేతి పెన్సిల్‌తో గీసినట్టే పెన్ టూల్‌తోనూ గీయాలనుకుంటాం కాబట్టి. పెన్సిల్ గీత మొదలుపెట్టి లాక్కుంటూ పోతుంది. పెన్ టూల్ అట్లా పోదు. అది ముందే అడుగుతుంది: ఎక్కడ మొదలు? ఎక్కడ మలుపు? ఏ వైపు? ఎంత బలంగా? ఆ నాలుగూ మీరు చెప్తే గీత అదే వస్తుంది. చుక్కను కోరల్‌లోనూ, ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌లోనూ నోడ్ అంటారు, ఇలస్ట్రేటర్‌లో యాంకర్ పాయింట్ అంటారు. దానికి రెండు పక్కలా మీసాల్లా వచ్చేవి హ్యాండిల్స్. హ్యాండిల్ ఏ వైపు ఉంటే గీత ఆ వైపు బయలుదేరుతుంది, హ్యాండిల్ ఎంత పొడుగుంటే అంత దూరం ఆ వైపు మొగ్గి ఉంటుంది. ఇంతే. పెన్ టూల్ గురించి ఇంతకంటే రహస్యం ఏమీ లేదు.

మరి దీన్ని దేని మీద నేర్చుకోవాలి? అందరూ యాపిల్ పండు వేయిస్తారు, హార్ట్ సింబల్ వేయిస్తారు. నేను ఒకటి చెప్తాను, వినండి. మన అక్షరాల మీద నేర్చుకోండి. తెలుగు అక్షరాలంత మంచి బడి వంపులకు ఇంకోటి లేదు. ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో సగం నిలువు గీతలు, అడ్డ గీతలు. మనకు నిటారు గీత ఎక్కడుందో వెతుక్కోవాలి. అన్నీ గుండ్రాలే, ఒక గుండ్రం నుంచి ఇంకో గుండ్రంలోకి జారేవే.

మొదటి రోజు సున్న. నిండు సున్న, అంతే. దాన్ని ఎన్ని నోడ్స్‌తో గీస్తారు? ఎవరైనా చెప్పండి. ఎనిమిదా? పన్నెండా? నాలుగు. గడియారంలో పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది. పైనా కిందా ఉన్నవాటికి హ్యాండిల్స్ సరిగ్గా అడ్డంగా, పక్కల ఉన్నవాటికి సరిగ్గా నిలువుగా. షిఫ్ట్ నొక్కి లాగితే ఇలస్ట్రేటర్‌లో వంకర పోదు, ఇంక్‌స్కేప్‌లో అయితే కంట్రోల్ నొక్కాలి. హ్యాండిల్ పొడవు వ్యాసార్ధంలో సుమారు 55 శాతం. అంతే, గుండ్రం వచ్చేస్తుంది. ఇక్కడొక ముచ్చట. ఈ వంపులతో పరిపూర్ణమైన వృత్తం ఎప్పటికీ రాదు, లెక్క ప్రకారం రాదు. కానీ తేడా ఎంత? వ్యాసార్ధంలో 0.027 శాతం. అంటే పదివేల వంతుల్లో మూడు వంతులు కూడా లేదు. అది ఏ కన్నుకూ కనపడదు. నాకు ఈ సంగతి తెలిసిన రోజు చాలా సంతోషమేసింది, ఎందుకో చెప్పలేను.

రెండో రోజు ర. గుండ్రం మీద తలకట్టు వస్తుంది. తలకట్టు దగ్గర గీత ఒక వైపు వంగుతూ వంగుతూ ఇంకో వైపు తిరుగుతుంది, చూశారా? ఆ తిరిగే చోటు పట్టుకోవడం నేర్చుకోవాలి. మూడో రోజు అ. వారం చివరికి ఘ, ఝ. వాటితో కుస్తీ పట్టినవాళ్లకు మనిషి చెవి చాలా తేలిక.

దీనికి జవాబు పుస్తకం కూడా మీ చేతిలోనే ఉంది. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గిడుగు లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. ఇంక్‌స్కేప్‌లో అ అని టైప్ చేయండి, పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ కొట్టండి, నోడ్ టూల్ తీసుకుని దాని మీద నొక్కండి. ఆ అక్షరం చేసినవాళ్లు నోడ్స్ ఎక్కడ పెట్టారో మొత్తం కనిపిస్తుంది. కాకపోతే ఒక జాగ్రత్త. ఆ ఫాంట్ ఫైళ్లలో వాడే వంపు కొంచెం వేరే రకం, దానికి నోడ్స్ ఎక్కువ కావాలి. కాబట్టి ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టకండి, ఎక్కడ ఉన్నాయో చూడండి. వంపు అన్నిటికంటే పైకి వెళ్లిన చోట ఒకటి, కిందికి దిగిన చోట ఒకటి, కుడి చివర, ఎడమ చివర. ఎక్కడ పడితే అక్కడ ఉండవు. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది.

ప్రతిదానికీ ఒక కారణం. ఈ మాట దగ్గర నేను మా నాయిన దగ్గరకు వెళ్తాను.

ఫ్లెక్సీ షాపులో మూడేళ్లు చేశాక చేయి కుదిరింది. అప్పుడు సొంతంగా ఒక పాత్ర తయారుచేయాలనిపించింది. ఎవర్ని వేయాలి? మా నాయిన్నే వేద్దామనుకున్నా. వేశా. ఎట్లా వేశానో చెప్తా. ముందుకు చూస్తూ నిటారుగా నిలబెట్టాను. సగం శరీరం గీసి, కాపీ చేసి, ఇటు తిప్పి అతికించాను. కష్టం సగమే కదా! కుడి ఎడమ రెండూ అచ్చు ఒకటే. గుండ్రటి ముఖం, పెద్ద కళ్లు, తలకు రుమాలు, చేతిలో కల్లు పట్టే లొట్టి. రంగులు బాగా కుదిరాయి. ప్రింట్ తీసి ఇంటికి పట్టుకెళ్లి చూపించాను.

నాయిన చూశాడు. చాలాసేపు చూశాడు. "మంచిగుంది బిడ్డా. ఎవరు ఇతను?" అన్నాడు.

నువ్వే నాయినా అన్నాను. అప్పుడు మళ్లీ చూసి అడిగాడు. "మోకు ఏది? ముత్తాదు ఏది? కత్తి ఏ పక్క ఉంటదో తెల్వదా? చెట్టెక్కేటోని పాదాలు గిట్ల ఉంటాయా?" మోకు అంటే చెట్టెక్కే తాడు, ముత్తాదు అంటే నడుముకు కట్టుకునేది. తన పాదం ముందుకు పెట్టి చూపించాడు. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పాదం. ఆ రోజే మొదటిసారి చూశాను. వేళ్లు విడివిడిగా పక్కకు విచ్చుకుని ఉన్నాయి. మడమ దగ్గర తోలు మందంగా ఉంది. మోకాళ్లు కొంచెం బయటికి వంగి ఉన్నాయి. ఏళ్ల తరబడి రోజూ పొద్దునా సాయంత్రం తాటిచెట్టును కాళ్లతో కౌగిలించుకున్న మనిషి కాళ్లు అవి. భుజాలు విశాలం, నడుము సన్నం. నిలబడినప్పుడు ఒక భుజం కిందికి ఉంటుంది, ఎందుకంటే మోకు చుట్ట ఎప్పుడూ ఆ భుజం మీదే వేసుకునేవాడు. నేను వేసిన బొమ్మలో రెండు భుజాలూ అద్దంలో చూసినట్టు సమానం!

నేను గీసిన దాంట్లో గీత తప్పు ఒక్కటి లేదు. నోడ్స్ అన్నీ శుభ్రంగా ఉన్నాయి. కానీ ఏ ఒక్కదానికీ కారణం లేదు. భుజం అక్కడ ఎందుకుంది అంటే, అక్కడ పెట్టాను కాబట్టి ఉంది. అంతే.

రెండోసారి వేసేటప్పుడు కంప్యూటర్ ముట్టుకోలేదు. వారం రోజులు ఆయన వెంట తాటివనానికి వెళ్లాను. చిన్న నోట్‌బుక్కు, బాల్‌పెన్ను. చెట్టు ఎక్కేటప్పుడు వీపు ఎట్లా వంగుతుంది, మోకు మీద బరువు వేసి వెనక్కి వాలినప్పుడు శరీరం అంతా ఒకే వంపుగా ఎట్లా అవుతుంది, గెల గీసేటప్పుడు మణికట్టు ఎట్లా తిరుగుతుంది. గెలను ఎంత గీస్తారో మీలో చూసినవాళ్లున్నారా? పల్చటి పొర. మరీ ఎక్కువ కోస్తే గెల పాడవుతుంది, కోయకపోతే కల్లు దిగదు. రెండు పూటలా ఆ పల్చటి పొర. నేను ఆ చేతిని ఒక్కదాన్నే ఇరవై సార్లు వేశాను.

ఆ నోట్‌బుక్కు నుంచి ఒక పేజీ తీసుకుని, మొత్తం మనిషిని నల్లరంగుతో నింపేశాను. ముఖం లేదు, రంగు లేదు, గుడ్డల మడతలు లేవు. దీన్ని సిల్హౌట్ అంటారు, నేను నల్లబొమ్మ అంటాను. పాత్ర తయారీలో ఇదే మొదటి పరీక్ష. నల్లగా నింపేశాక ఎవరో తెలియాలి. భుజాన మోకు చుట్ట, నడుముకు ముత్తాదు, దానికి వేలాడే లొట్టి, విచ్చుకున్న కాళ్లు. ఆ నల్లబొమ్మను మా వాడకట్టులో ఆరేళ్ల పిల్లకు చూపిస్తే, "తాత తాళ్లల్లకు పోతుండు" అంది. పేరు కూడా అడగలేదు నేను. వెక్టర్‌లో ఈ పరీక్ష ఎంత సులువో చూడండి. అన్నిటినీ సెలెక్ట్ చేసి నలుపు నొక్కితే చాలు, అన్‌డూ కొడితే మళ్లీ వచ్చేస్తుంది. ఒక క్షణం పని. అయినా ఎంతమంది చేస్తారు? దయచేసి చేయండి. రోజుకు పదిసార్లు చేయండి.

తర్వాత కొలతలు. మామూలు పెద్ద మనిషి తన తలకు ఏడు, ఏడున్నర రెట్లు పొడుగుంటాడు. ఏడాది పిల్లకు దగ్గర దగ్గర నాలుగు తలలు. అందుకే పాత్రను మూడు తలల పొడుగుకు కుదిస్తే ముద్దుగా కనిపిస్తుంది, పసితనం వచ్చేస్తుంది. నేను మొదటిసారి నాయిన్ని మూడు తలలకు కుదించాను. ముద్దొచ్చాడు, కానీ చెట్టెక్కలేడు! రెండోసారి ఐదున్నర దగ్గర ఆపాను. పాదాలు, అరచేతులు కావాలని పెద్దవి చేశాను, ఎందుకంటే ఆయన బతుకంతా వాటి మీదే ఉంది. గుండ్రం అంటే మంచివాడు, చతురస్రం అంటే స్థిరం, త్రికోణం అంటే ప్రమాదం అని మీకు క్లాసుల్లో చెప్తారు. అది తప్పు కాదు, మొదలుపెట్టడానికి పనికొస్తుంది. కానీ దాన్ని పట్టుకుని కూర్చోకండి. మా నాయిన పైభాగం తిరగేసిన త్రికోణం. ఆయనంత నెమ్మదైన మనిషిని నేను చూడలేదు.

ఇదంతా బయటి నుంచి వచ్చిన విద్య అనుకోకండి. ఇక్కడికి దగ్గర్లోనే చేర్యాల ఉంది. నకాషీ కళాకారుల పటాలు చూసినవాళ్లు ఎంతమంది? ఎర్రటి నేల, దాని మీద నిండు రంగులు, చుట్టూ నల్ల అంచు. గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసి దాని మీద వేస్తారు. రంగులో రంగు కలవదు, నీడలు ఉండవు. మనం కంప్యూటర్‌లో లోపలి రంగును ఫిల్, అంచు గీతను స్ట్రోక్ అంటున్నామే, ఆ రెండే. ఆ పటాలు చూపిస్తూ ఒక్కో కులానికి దాని పురాణం చెప్పేవాళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం. మా గౌడులకు కథ చెప్పడానికి గౌడ జెట్టీలు వచ్చేవాళ్లు. పటం ఎంత పొడుగు! విప్పుతూ పోతుంటే ఒకే మనిషి మళ్లీ మళ్లీ వస్తాడు. ఒక చోట కూర్చుని, ఒక చోట గుర్రం మీద, ఒక చోట యుద్ధంలో. వెనక వరసలో కూర్చున్న ముసలమ్మకు కూడా, అదే మనిషి అని తెలియాలి. ఎట్లా తెలుస్తుంది? వంటిరంగు మారదు, తలపాగా మారదు, మీసం మారదు. ఇప్పుడు యానిమేషన్ స్టూడియోల్లో మోడల్ షీట్ అని తయారుచేస్తారు. ముందు నుంచి, పక్క నుంచి, ముప్పావు వైపు నుంచి, వెనక నుంచి ఒకే పాత్ర. కోపం, నవ్వు, ఏడుపు ముఖాలు. అందులో అడిగే ప్రశ్న కూడా అదే: ఎక్కడ చూసినా వీడు వీడేనా? ఒక్కరోజు చేర్యాల వెళ్లి ఆ ఇళ్లల్లో కూర్చుని చూడండి. బస్సు ఛార్జీ ఖర్చు, అంతే.

ఇక కంప్యూటర్ మీద కట్టడం. ఇది కొంచెం తొందరగా చెప్తాను, మధ్యాహ్నం మీరు చేస్తారు కాబట్టి. నోట్‌బుక్కు పేజీని ఫోన్‌తో ఫోటో తీసి కింద లేయర్‌లో, అంటే అడుగు పొరలో పెట్టండి, మసకగా చేసి తాళం వేయండి. పైన కొత్త లేయర్. ముఖం మొత్తం ఒకే పాత్‌గా, అంటే ఒకే గీతగా గీయకండి. గుండ్రాలు, కోడిగుడ్లు, డబ్బాలు పెట్టి, కావాల్సినవి కలపండి, వద్దన్నవి కోయండి. యూనియన్, డిఫరెన్స్, ఈ రెండు ఆదేశాలతో సగం బొమ్మ అవుతుంది. మిగతా సగానికే పెన్ టూల్. ప్రతి ముక్కకూ పేరు పెట్టండి. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, మోకు, లొట్టి. "పాత్ 4872" అని వదిలేస్తే నెల తర్వాత మీ ఫైలు మీకే అర్థం కాదు.

ఆటో ట్రేస్ గురించి ఒక్క మాట. ఫోటో పెట్టి మీట నొక్కితే వెక్టర్ అయిపోతుంది కదా అని అడుగుతారు. అవుతుంది. నోడ్స్ వందలు, వేలు వస్తాయి. తర్వాత ముక్కు కొంచెం పొడుగు చేయాలంటే ఏ నోడ్ పట్టుకుంటారు? అక్షరాల దగ్గర చెప్పాను చూడండి, ప్రతి చుక్కకూ కారణం ఉండాలని. ట్రేస్‌కు కారణాలు తెలియవు, అంచులు మాత్రమే తెలుసు. లోగో పాత ప్రింట్ మాత్రమే దొరికితే ట్రేస్ చేసి శుభ్రం చేసుకోండి, అక్కడ అది మంచి పనివాడు. పాత్రకు వద్దు.

అంచు గీత మందం కూడా చూసుకోండి. నేను ఒకసారి చేతిలో పట్టేంత బొమ్మకు చక్కటి నల్ల అంచు పెట్టి, దాన్ని పది అడుగులకు పెంచాను. అంచు పెరగలేదు! వెంట్రుకలా మిగిలిపోయింది. ప్రింట్ అయ్యాక చూసుకున్నాం. ఫ్లెక్సీ మొత్తం పోయింది. సెట్టింగ్స్‌లో స్ట్రోక్ కూడా పెరగాలా వద్దా అని ఒక గుర్తు ఉంటుంది, ఇలస్ట్రేటర్‌లో స్కేల్ స్ట్రోక్స్ అని. అది ముందే చూసుకోండి.

కీళ్లు. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఇది నాకు బాగా ఇష్టమైన సంగతి. తోలుబొమ్మలాట చూశారా? అనంతపురం వైపు ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరు ఉంది. తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయక్కడ. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుతురు దాటేంత పల్చగా చేసి, బొమ్మ గీసి, రంగులు వేసి, నగల చోట చిల్లులు పొడుస్తారు. తెర వెనక దీపం పెడితే ఆ చిల్లులే నగలై మెరుస్తాయి. మన పనికి కావాల్సింది ఆ భుజం, ఆ మోచెయ్యి. ఒక ముక్క మీద ఇంకో ముక్క కొంచెం ఎక్కేలా పెట్టి, మధ్యలో దారంతో ముడి వేస్తారు. చెయ్యి తిరిగినా సందు కనపడదు. మనం చేసేదీ అచ్చు అదే. పై చెయ్యి కింది కొస గుండ్రంగా గీయాలి. ముంజేయి పై కొస కూడా అదే కొలత గుండ్రం. రెండు గుండ్రాల కేంద్రం ఒకటే చోట ఉండాలి. అప్పుడు ఎటు తిప్పినా మోచెయ్యి విరగదు. ఇంక్‌స్కేప్‌లో బొమ్మ మీద రెండోసారి నొక్కితే మధ్యలో చిన్న ప్లస్ గుర్తు వస్తుంది. దాన్ని లాగి మోచేతి కేంద్రంలో పెట్టండి. అదే మీ దారం ముడి. ఇట్లా కట్టిన పాత్రను ఒక్కసారి కడితే, చెట్టెక్కించవచ్చు, కూర్చోబెట్టవచ్చు, చేయి ఊపించవచ్చు. మళ్లీ గీయక్కర్లేదు.

నోరు కూడా అట్లాగే ముక్కలుగా పెట్టుకోండి. ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో నోటి ఆకారాల పట్టిక ఇస్తారు. దాన్ని అలాగే తెచ్చి తెలుగు మాట్లాడే పాత్రకు పెడితే ఏదో తేడాగా ఉంటుంది. చిన్నప్పుడు నేర్చిన అక్షరమాలే మనకు పట్టిక. ప ఫ బ భ మ, ఈ ఐదింటికీ పెదవులు మూసుకోవాలి. అ ఆ కు తెరుచుకోవాలి, ఇ ఈ ఎ ఏ కు పక్కలకు సాగాలి, ఉ ఊ ఒ ఓ కు గుండ్రం కావాలి. అమ్మ అనండి. అందరూ అనండి. తెరిచి, మూసి, తెరిచారు కదా? మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. రాముడు, వచ్చాడు, చెప్పింది, ఎక్కడికి. మాట అయిపోయినా నోరు కొంచెం తెరిచే ఉంటుంది. పుస్తకం, అన్నం లాంటి సున్నతో ముగిసే మాటల దగ్గరే పెదవులు కలుస్తాయి. మాట అయిన ప్రతిసారీ నోరు టప్పున మూయించారనుకోండి, పాత్ర తెలుగు మాట్లాడుతున్నట్టు అనిపించదు. చూసేవాళ్లు ఎందుకో చెప్పలేరు, కానీ ఏదో తేడా ఉందని మాత్రం తెలుస్తుంది వాళ్లకు.

రంగుల గురించి ఎక్కువ చెప్పను. వంటిరంగు, బట్టలకు రెండు, ఒక ముదురు, ఒక మెరుపు. ఐదు చాలు మొదట్లో. అన్నీ వేశాక బొమ్మను నలుపు తెలుపులోకి మార్చి చూడండి. ముఖం, చొక్కా ఒకే బూడిదరంగులో కలిసిపోతే రంగు మార్చాలి. ఇంకో మాట, ఇది గట్టిగా చెప్తాను. మన మనుషులను వేస్తూ, సాఫ్ట్‌వేర్‌లో వచ్చే రెడీమేడ్ స్కిన్ రంగు వేయకండి. ఎండలో పనిచేసిన మనిషి రంగు చాలా అందమైన రంగు. మెడ దగ్గర ఒకలా, చొక్కా కింద ఇంకోలా ఉంటుంది. చూసి వేయండి.

సాఫ్ట్‌వేర్ ఏది అని పొద్దుట్నుంచి ముగ్గురు అడిగారు. ఇలస్ట్రేటర్‌కు నెలనెలా కట్టాలి, కట్టగలిగితే మంచిదే, కంపెనీల్లో అదే అడుగుతారు. కట్టలేకపోతే ఇంక్‌స్కేప్ ఉంది. 2003 నుంచి ఉంది, ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. దాని ఫైలు ఎస్‌వీజీ. ఎక్కడైనా తెరుచుకుంటుంది. దొంగ కాపీ వేసుకుని వైరస్‌తో తంటాలు పడొద్దు. పెన్ టాబ్లెట్ లేదని కూడా టెన్షన్ పడకండి. పెన్ టూల్ పనికి మౌస్ చాలు, నేను మొదటి ఆరేళ్లు మౌస్‌తోనే చేశాను. ఒకదాంట్లో నోడ్ పెట్టడం వచ్చినవాళ్లకు రెండోదాంట్లోకి మారడం వారం పని.

సరే. మొదట్లో వేసిన కాగితం ఉందా? తీయండి. వెనక్కి తిప్పండి. మీరు వేసిన ఆ మనిషి గురించి మూడు విషయాలు రాయండి. మంచివాడు, ప్రేమగల తల్లి, ఇట్లాంటివి వద్దు. కంటికి కనపడేవి రాయండి. ఏ చెయ్యి ఎక్కువ వాడుతుంది? బరువు ఏ కాలి మీద వేసి నిలబడుతుంది? నడుము ఎక్కడ పట్టుకుంటుంది? చెప్పులు ఏ పక్క అరిగి ఉంటాయి? రాయలేకపోతే ఇప్పుడే ఇంటికి ఫోన్ చేయండి. వీడియో కాల్ చేయండి, పర్వాలేదు, నేనే పర్మిషన్ ఇస్తున్నా. ఒకసారి నడిచి చూపించమని అడగండి. భోజనం అయ్యాక ఆ మూడు విషయాలతో నల్లబొమ్మ వేద్దాం. లాప్‌టాప్‌లు దాని తర్వాత తెరుద్దాం.